నడుమెత్తు కుండీ కోసం అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా

హిమాయత్‌నగర్‌లోని మా ఇంటి నుంచి అబిడ్స్ మూడు కిలోమీటర్లు. అక్కణ్ణుంచి నాంపల్లి ఇంకో కిలోమీటరు ఉంటుందేమో. గట్టిగా నడిస్తే గంటలో అయిపోయే ఈ దారికి జూన్‌లో ఒక శనివారం మాకు పదకొండు గంటలు పట్టింది. వెళ్ళింది నేనూ, మా అత్తమ్మా. మట్టీ, గింజలూ పక్కన పెడితే కొన్నది ఒకే ఒక్క వస్తువు. అది కూడా మేం కొందామని బయల్దేరిన వస్తువు కాదు. పెరట్లోకో డాబా మీదకో కుండీలు కొనడానికి మీలో ఎవరైనా అటు వెళ్ళే ఆలోచనలో ఉంటే ఇది చదివి వెళ్ళండి. నాలాగా ఎండలో నిలబడి పళ్ళు నూరుకునే అవస్థ మీకు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఎందుకు వెళ్ళామో చెప్పాలి. మా ఇంటి వెనక పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పున్న మట్టినేల ఉంది. అది అత్తమ్మ రాజ్యం. ఆవిడ వయసు డెబ్బై ఒకటి. సర్కారు దఫ్తర్‌లో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. అప్పట్నుంచీ ఆ జాగాలో మెంతికూర, కొత్తిమీర, నాలుగు మిరప మొక్కలు, గోడవారన మల్లె, అన్నిటికన్నా ఎక్కువగా పుంటికూర వేస్తుంది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మా పుట్టింటివాళ్ళు దాన్నే గోంగూర అంటారు. ఆ పేరు మీద మా ఇద్దరికీ పెళ్ళయిన కొత్తలో మొదలైన వాదన ఇప్పటికీ తెగలేదు.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఆవిడ చిన్న పీట వేసుకుని కలుపు తీయడానికి కూర్చుంది. లేవబోతే మోకాళ్ళు లేవనివ్వలేదు. ఫోను వంటింట్లో ఉంది. గన్‌ఫౌండ్రీలో నేను పనిచేసే బ్యాంకు నుంచి ఇల్లు చేరేసరికి ఆరున్నర. అప్పటికి ముప్పావుగంటగా ఆవిడ అలాగే నేల మీద ఉంది. డాక్టరు చూసి, ఇకమీదట కింద కూర్చోకూడదు, వంగకూడదు, ఏ పనైనా నిలబడే చేసుకోవాలి అన్నాడు. ఆ రాత్రే మా ఆయన నరేందర్ ఒక నిర్ణయానికి వచ్చేశాడు. వెనక జాగా అంతా షాబాద్ బండలు పరిపించి స్కూటర్లు పెట్టుకుందామని. చెడ్డ ఉద్దేశం కాదు, తల్లిని అలా చూసి భయపడ్డాడు. కానీ అత్తమ్మ ఆ మాట విని కాదనలేదు, ఔననలేదు. మర్నాటి నుంచి వెనక తలుపు తీయడం మానేసింది. మిరప మొక్కలు నేను నీళ్ళు పోసినా వాడిపోయాయి.

మేస్త్రీ సోమవారం వస్తానన్నాడు. గురువారం రాత్రి నేను నరేందర్‌ని అడిగాను: "నిలబడి పని చేసుకునే ఎత్తులో కుండీలు దొరికితే బండలు ఆపిస్తారా?" "దొరికితే చూద్దాం" అన్నాడు. దొరకవన్న నమ్మకం ఆయన గొంతులోనే ఉంది. అత్తమ్మకి ఎక్సర్‌సైజులు చేయించడానికి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి కొలత చెప్పింది. అంచు నేల నుంచి ముప్పై అంగుళాలు ఉండాలి. ఆవిడ రెండు చేతులూ ఆనించి బరువు మోపితే కదలకూడదు. ఇక అడుగున నీళ్ళు పోయే రంధ్రం ఉండాలని నాకే తెలుసు. ఇంత పెద్ద ఊళ్ళో ఈ మూడు షరతులకి లొంగే కుండీ ఒక్కటి దొరకదా అనుకున్నాను. రెండో శనివారం, బ్యాంకుకి సెలవు. టేపు సంచిలో వేసుకున్నాను. నేనొక్కదాన్నే వెళ్తానంటే అత్తమ్మ చీర మార్చుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నువ్వేం తెస్తవో నాకు తెల్వదా. నేనూ వస్త" అంది.

తొమ్మిదింటికి బయటికొచ్చాం. బస్సయితే ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్టు అక్కర్లేదు, కానీ ఆ మెట్లు ఆవిడ ఎక్కలేదు. ఫోనులో ఆటో పిలిస్తే ముగ్గురు డ్రైవర్లు వస్తున్నామని చెప్పి రద్దు చేశారు. నాలుగోవాడు వచ్చి, ఫోనులో చూపించిన దానికి ముప్పై ఎక్కువిస్తేనే అన్నాడు. చివరికి రోడ్డు మీద పోతున్న ఆటోని ఆపి నూట ఇరవైకి ఒప్పించాను. బషీర్‌బాగ్ దాటి గన్‌ఫౌండ్రీ మీదుగా వెళ్తుంటే నేను రోజూ వెళ్ళే ఆఫీసు పక్కనుంచే పోయాం. సెలవు రోజు కూడా అదే దారిలో పడ్డానే అని ఉసూరుమనిపించింది.

ఎందుకు వెళ్తున్నామో తెలుసుకుని ఆటో డ్రైవరు నవ్వాడు. "కుండీలకు అబిడ్స్ దాకానా? మా బస్తీల పెయింట్ డబ్బాలు ఉత్తగనే ఇస్తరు కదమ్మా."

"జూసినవా, ఆటోవాలాకు తెలిసింది నీకు తెల్వలె" అంది అత్తమ్మ నాతో.

పది కాకముందే అబిడ్స్‌లో దిగాం. ఒక్క షాపు కూడా తెరవలేదు. ఇది రాసి పెట్టుకోండి: అక్కడ పదకొండుకి ముందు మీకు కనిపించేది షట్టర్లూ, వాటి ముందు నీళ్ళు చల్లేవాళ్ళూ మాత్రమే. మూసి ఉన్న చెప్పుల షాపు అరుగు మీద, ఎత్తుగా ఉన్న చోటు చూసి, అత్తమ్మని కూర్చోబెట్టాను. గంట సేపు ఆవిడ వచ్చే పోయే జనాన్ని చూస్తూ, ఏ బట్టల షాపు ఒకప్పుడు ఏ షాపుగా ఉండేదో చెప్పింది. నేను ఆ గంటా నిద్రపోయి ఉండొచ్చు కదా అనుకుంటూ విన్నాను.

పదకొండుకి తెరిచిన మొదటి షాపు ఇంటి అలంకరణ సామాన్లది. లోపలికి వెళ్తూనే నాకు ప్రాణం లేచొచ్చింది. నడుమెత్తున, నల్లగా, నున్నగా, వరసగా నిలబడి ఉన్నాయి ఫైబర్ కుండీలు. టేపు పెట్టి చూస్తే ముప్పై ఒకటి. ధర రెండు వేల నాలుగు వందలు. ఒక్క అంగుళానికి ఏముందిలే అనుకుని లోపల చెయ్యి పెట్టి తడిమాను. అడుగున రంధ్రం లేదు.

"నీళ్ళెక్కడికి పోతాయండీ?" అని సేల్స్‌మన్‌ని అడిగాను.

"ఎక్కడికీ పోవు మేడమ్. ఒక్క చుక్క లీకేజీ ఉండదు. గ్యారంటీ" అన్నాడతను గర్వంగా.

"మరి మొక్క కుళ్ళిపోదా?"

"ఇండ్ల మొక్క పెట్టరు మేడమ్. మొక్క ఉన్న కుండీని ఇండ్ల పెడ్తరు."

"రంధ్రం వేసిస్తారా?"

"హోల్ పెడితే వారంటీ పోతది మేడమ్."

మేం ఇలా మాట్లాడుతుండగానే అత్తమ్మ నెమ్మదిగా వచ్చి ఒక కుండీ అంచు మీద రెండు చేతులూ ఆనించింది. ఖాళీ కుండీ, అడుగు సన్నం, పైన వెడల్పు. ఆవిడతో పాటే ముందుకి ఒరిగింది. నేను సంచి పారేసి ఆవిడ నడుం పట్టుకున్నాను, సేల్స్‌మన్ కుండీని పట్టుకున్నాడు. ఆవిడకి దెబ్బ తగిలిందేమోనని నేను చూస్తుంటే, అతను మాత్రం కుండీకి గీత పడిందేమో చూస్తూ "గట్ల పట్టుకోవద్దమ్మా, గిది షో పీసు" అన్నాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని బయటికొచ్చేశాను. మట్టి నింపితే ఒరగకపోవచ్చు. కానీ మట్టి నింపాక ఒరుగుతుందో లేదో ఇంటికెళ్ళి, ఆవిడ మోకాళ్ళ మీద ప్రయోగం చేసి తెలుసుకోలేను కదా.

తరువాతి రెండు షాపుల గురించి ఎక్కువ రాయను. ఒకదాంట్లో పింగాణీ ఏనుగులూ, వాటి వీపుల మీద గుప్పెడు మట్టి పట్టే గుంటలూ ఉన్నాయి. ఇంకోదాంట్లో మంచి ఎత్తున్న చెక్క పెట్టె ఉంది. వర్షంలో పెట్టొచ్చా అని అడిగితే "వర్షం పడకుంటె ఏం కాదు" అన్నాడు. పన్నెండున్నరకి ఇంకో ఆటో ఎక్కి సుల్తాన్ బజార్ వెళ్ళాం. అరవై రూపాయలు. శనివారం మధ్యాహ్నం అక్కడికి మోకాళ్ళ నొప్పులున్న మనిషిని తీసుకెళ్ళేవాళ్ళు నాకు తెలిసి నేను తప్ప ఎవరూ ఉండరు. చీరల మధ్య నుంచి, గాజుల బండ్ల మధ్య నుంచి అడుగులో అడుగు వేసుకుంటూ ఒక ప్లాస్టిక్ సామాన్ల షాపు చేరాం. అక్కడ పొడవాటి తొట్లున్నాయి, రంధ్రాలూ ఉన్నాయి, విడిగా ఇనుప స్టాండ్లూ ఉన్నాయి. అంతా బాగానే ఉంది కదా అనుకుంటే స్టాండు ఎత్తు పద్దెనిమిది అంగుళాలు.

"రెండు స్టాండ్లు ఒకదాని మీద ఒకటి పెట్టుకోండ్రి" అన్నాడు షాపాయన. అతని ముఖంలో నవ్వు లేదు. నిజంగానే చెబుతున్నాడు.

ఇంకో మూల నిజంగానే ఎత్తు స్టాండు ఒకటి కనిపించింది. ఇరవై మూడు అంగుళాలు. ఊపి చూశాను, గట్టిగానే ఉంది. పైన ఏడంగుళాల తొట్టి పెడితే అంచు సరిగ్గా ముప్పైకి వస్తుంది. హమ్మయ్య అని అత్తమ్మ వైపు తిరిగాను. ఆవిడ తొట్టిని వేలితో ఒకసారి తట్టి, "గీ రంగు నాకొద్దు" అంది.

"వేరే రంగు ఉందేమో అడుగుతాను."

"ఏ రంగైనా ఒద్దు. పల్చగుంది. ఎండకు పలుగుతది."

"పగిలితే మళ్ళీ కొందాం అత్తమ్మా. సోమవారం మేస్త్రీ వస్తున్నాడు."

"రానీ."

పొద్దుటి నుంచీ పట్టుకున్న ఓపిక అక్కడ జారిపోయింది. కానీ బజారులో అరవలేం కదా. ఆటో ఎక్కి మళ్ళీ అబిడ్స్ వెళ్ళాం. ఒక చిన్న హోటల్లో భోజనానికి కూర్చున్నాం, భోజనం నూట నలభై, పప్పు బాగుంది. ఆవిడ పెరుగన్నం మాత్రమే కలుపుకుంది. నేను తినడం ఆపి అడిగేశాను.

"మీకు అసలు కుండీలు కావాలా వద్దా? నిజం చెప్పండి. అన్నీ సరిపోయిన తొట్టికి కూడా వంక పెట్టారు. నేను సెలవు రోజు పాడుచేసుకుని, మీ అబ్బాయితో పోట్లాడి మరీ వచ్చాను."

"నేను జెప్పిన్నా పోట్లాడమని? ఏయించుండ్రి బండలు. నాకేం గావాలె."

"అయితే ఎందుకొచ్చారు?"

ఆవిడ పళ్ళెం పక్కకి జరిపింది. తరువాత చెప్పింది. "నిలబడి మట్టి ముట్టుకుంటే దఫ్తర్‌ల ఫైలు జూసినట్టుంటది సుధా. ముప్పై ఏండ్లు గదే చేసిన. కింద గూసుంటెనే నాకు తోట అనిపిస్తది. గా నడుమెత్తు డబ్బాలు ఇంట్లకొస్తే, ఇగ నేను కింద గూసునుడు అయిపోయినట్టే కదా."

నేను నీళ్ళ గ్లాసు ఆవిడ ముందుకి జరిపాను. ఆవిడే మళ్ళీ అంది: "గా దినం ముప్పావుగంట ఊకనే కూసోలే. చేతికందిన గడ్డంత పీకిన. ఇంకెవర్నన్న పిలుద్దామంటే గోడవతల వాళ్ళకు తెలుస్తది, వాళ్ళు నరేందర్‌కు జెప్తరు, వాడు గిదే పని చేస్తడని నాకు తెల్సు."

ఆ మాట వినేదాకా, ఆవిడ అరవలేకపోయిందని అనుకున్నాను. అరవకూడదనుకుందని నాకు తట్టలేదు. జాలీ కోపమూ రెండూ కలిసి వచ్చాయి. "ఇంకొక్క చోటు చూద్దాం. నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్స్ వైపు కుండీలమ్మేవాళ్ళుంటారు. అక్కడా నచ్చకపోతే తిరిగి వెళ్ళిపోదాం, బండలే వేయిద్దాం. నేనింక మాట్లాడను" అన్నాను. ఆవిడ చెయ్యి కడుక్కుని లేచింది.

మూడున్నర దాటింది. అబిడ్స్ నుంచి స్టేషన్ రోడ్డు మీదుగా నాంపల్లి ఎంతో దూరం లేదు గానీ, స్టేషనుకి వచ్చిన రైలేదో జనాన్నంతా ఒకేసారి రోడ్డు మీద పోసినట్టుంది. ఆటో ఇరవై నిమిషాలు కదల్లేదు. పబ్లిక్ గార్డెన్స్‌కి కొంచెం ఇవతల ఒక గోడవారన సిమెంటు కుండీలూ, మట్టి కుండీలూ, మొక్కలూ పరుచుకుని ఒకామె కనిపించింది. పేరు బాలమణి అని తరువాత తెలిసింది. అరవై దాటి ఉంటాయి. సిమెంటు కుండీ మూడు వందల యాభై చెప్పింది. ఎత్తు పద్నాలుగు అంగుళాలు. కదపబోతే కదల్లేదు.

"ముప్పై అంగుళాలది లేదా అమ్మా?" అని అడిగాను.

"గంత ఎత్తుది ఎవ్వరు కొంటరమ్మా? బండ మీద పెట్టుకోండ్రి" అందామె.

ఇంకేముంది, మళ్ళీ అదే పాట. నేను వెళ్ళిపోదామని ఆటో కోసం రోడ్డు వైపు తిరిగాను. అత్తమ్మ కదల్లేదు. బాలమణి చేతుల వైపే చూస్తోంది. ఆమె మాతో మాట్లాడుతూనే మట్టి, ఎరువు కలుపుతోంది. కింద కూర్చుని కాదు, నిలబడి. ఇనుప కాళ్ళున్న ఒక పాత స్టీలు సింకులో. హోటళ్ళలో గిన్నెలు తోమే రకం, నాలుగడుగుల పొడవు, రెండు తొట్లు.

"నువ్వు కింద గూసోవా?" అని అడిగింది అత్తమ్మ.

"యాడిది అమ్మా, మూడేండ్లాయె. మోకాళ్ళు పోయినయ్. ముందుగాల ఏడ్చిన. ఇగ గిట్లనే అలవాటైంది."

"మట్టి తెలుస్తదా చేతికి?"

బాలమణికి ఆ ప్రశ్న వింతగా అనిపించినట్టు లేదు. పక్కకి జరిగి, "నువ్వే జూడు" అంది.

అత్తమ్మ సింకు దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ మోచేతుల దాకా మట్టిలో పెట్టింది. రెండు నెలలయింది ఆవిడ మట్టి ముట్టుకుని. కొంగు దోపుకోవడం కూడా మర్చిపోయింది. ఉండలు చిదిమింది, ఒక గులకరాయి ఏరి పక్కన పెట్టింది, కొంచెం నీళ్ళు చల్లమంది, బాలమణి చల్లింది. ఇద్దరూ చెరో వైపు నిలబడి, ఎరువు ఎక్కువైందా తక్కువైందా అని వాదించుకోవడం మొదలుపెట్టారు. నేను వంగి అడుగున చూశాను. నీళ్ళు పోయే రంధ్రం పెద్దదే ఉంది, దానికి జాలీ కూడా ఉంది. అత్తమ్మ బరువంతా అంచు మీదే ఉంది. సింకు కదల్లేదు.

"గిది ఎంతకిస్తవు?" అంది అత్తమ్మ.

"గిది అమ్మేది కాదమ్మా. గిది నా చెయ్యి" అంది బాలమణి. ఎక్కడ కొన్నదో మాత్రం చెప్పింది. స్టేషను వైపు వెనక్కి వెళ్తే ఒక సందులో, మూతపడ్డ హోటళ్ళ సామాన్లు కొని అమ్మే షాపు. ఆమె దగ్గర రెండు బస్తాల కలిపిన మట్టి, పుంటికూర గింజలు తీసుకున్నాం. మట్టి సాయంత్రం వచ్చి తీసుకెళ్తామన్నాం.

షాపు వెతకడానికి అరగంట పట్టింది, ఎందుకంటే ఆ సందుని ఒక్కొక్కరు ఒక్కో పేరుతో పిలుస్తారు. దోసె పెనాలు, టీ డ్రమ్ములు, విరిగిన బల్లలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. యజమాని పెద్దాయన, తెల్లగడ్డం. రెండు తొట్ల సింకు, కాళ్ళతో సహా, రెండు వేల ఎనిమిది వందలన్నాడు.

"ఏం హోటల్ పెడ్తున్నరమ్మా? మెస్సా, కర్రీ పాయింటా?" అని అడిగాడు.

"పుంటికూర పెడ్తున్న" అంది అత్తమ్మ.

ఆయనకి అర్థం కావడానికి కొంత టైము పట్టింది. అర్థమయ్యాక ధర రెండున్నర వేలు చేశాడు. టేపు పెట్టాను. ముప్పై నాలుగు అంగుళాలు. అత్తమ్మ నిలబడితే మోచేతులు భుజాల దాకా లేస్తున్నాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"కాళ్ళు కోయిస్త, నాలుగంగుళాలు. పక్కనే వెల్డింగ్ సలీం ఉన్నడు, పది నిమిషాల పని" అన్నాడు పెద్దాయన. సలీం వచ్చాడు, కాళ్ళకి గీతలు పెట్టాడు, మిషన్ పట్టుకున్నాడు, కరెంటు పోయింది. టైము ఆరుకి పది నిమిషాలు. అరగంట చూశాం, రాలేదు. ఆదివారం షాపు తెరవరట.

"సోమవారం రాండ్రి. నేనే కోయించి పెడ్త. ఫికర్ చెయ్యకండ్రి" అన్నాడాయన.

సోమవారం పొద్దున్నే మేస్త్రీ వస్తాడు. ఆ మాట నేను చెప్పేలోపే అత్తమ్మ అక్కడున్న ఒక హోటల్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "నేను గీడనే ఉంట. కరెంటెప్పుడొస్తే గప్పుడే కోయండ్రి" అంది. మధ్యాహ్నం అన్నీ సరిపోయిన తొట్టినే కాదన్న మనిషి ఇప్పుడు సింకు లేకుండా కదలనంటోంది. ఈవిడతో ఎలా వేగాలి అనుకున్నాను. కానీ అప్పటిదాకా నన్ను విసిగించిన ఆ మొండితనాన్ని చూస్తే మొదటిసారి నాకు ధైర్యం వచ్చింది. నేనూ ఇంకో కుర్చీ లాక్కున్నాను. పెద్దాయన మా ఇద్దరికీ టీ తెప్పించాడు. సలీం వాళ్ళమ్మకీ మోకాళ్ళ నొప్పులేనట, ఏ నూనె రాస్తే మంచిదో అత్తమ్మ అతనికి చెప్పింది.

ఏడుకి పది నిమిషాలుండగా కరెంటొచ్చింది. సలీం ముందు ఒక్కో కాలికి మూడంగుళాలే కోసి, అత్తమ్మని నిలబెట్టి, చేతులు లోపల పెట్టించి చూసి, తరువాత ఇంకో అంగుళం కోశాడు. టేపు ఇవ్వబోతే వద్దన్నాడు. "అమ్మ చెయ్యే కొలత" అన్నాడు. ట్రాలీ ఆటో ఐదు వందలకి మాట్లాడి, దారిలో బాలమణి దగ్గర మట్టి ఎక్కించుకుని, ఎనిమిదింటికి ఇల్లు చేరాం.

నరేందర్ గేటు తీసి ట్రాలీలోకి చూశాడు. "ఏంది గిది? వంటిల్లు బయట పెడ్తున్నరా?" అన్నాడు. జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. ట్రాలీవాడూ, ఆయనా కలిసి దాన్ని వెనక జాగాలోకి మోసి పెట్టారు. నరేందర్ అంచు మీద రెండు చేతులూ పెట్టి ఒళ్ళంతా మోపి నొక్కాడు. ఇంకోవైపు వెళ్ళి మళ్ళీ నొక్కాడు. అడుగున చెయ్యి పెట్టి రంధ్రం చూశాడు. తరువాత తల్లి వైపు చూసి, "ఎండ ఎటొస్తది మమ్మీ? ఎటు పెట్టమంటవ్?" అని అడిగాడు. ఏప్రిల్ నుంచి ఆ జాగా గురించి ఆయన ఆవిడని ఏదైనా అడగడం అదే మొదటిసారి.

సోమవారం మేస్త్రీ వచ్చాడు. వంటింటి తలుపు నుంచి సింకు దాకా, జారకుండా నడవడానికి ఒక వరస బండలు వేశాడు. సింకు కాళ్ళ కింద నాలుగు ముక్కలు పెట్టాడు. మిగతా మట్టి మట్టిగానే ఉంది. స్కూటర్లు ఎప్పటిలాగే సందులోనే ఉంటున్నాయి.

అంతా చక్కగా ముగిసిందని రాయాలని ఉంది గానీ, అది నిజం కాదు. ఎండకి స్టీలు కాలుతోందని లోపల తడిపిన గోనె పరిచాం. ఒక తొట్టిలో మెంతి మొలకెత్తలేదు, దానికి కారణం నేనేనని తేలింది. ఇంకా కింద కూర్చోవాలని ఆవిడకి మనసులో ఉంటుంది. ఒక్కోసారి సింకు దగ్గర పని ఆపి, కింద మట్టి వైపు చూస్తూ నిలబడుతుంది. అప్పుడు నేను పిలవను. ఆ రోజంతా నేను కుండీ కోసం తిరుగుతున్నాననుకున్నాను, ఆవిడ మాత్రం తన మోకాళ్ళతో రాజీ పడడానికి తిరుగుతోంది. ఆ రెండు పనులూ ఒకే వేగంతో జరగవని నాకు హోటల్లో పెరుగన్నం ముందు కూర్చునేదాకా తెలియలేదు. ముందే అడిగి ఉంటే సగం చిరాకు తగ్గేది. ముందే అడిగినా చెప్పి ఉండేది కాదేమో, ఆ సంగతి కూడా నాకు తెలుసు. నిన్న మొదటి పుంటికూర కోసింది. కత్తెర కావాలని అరిచింది, తీసుకెళ్తే ఇది కాదు పెద్దదంది, పెద్దది తీసుకెళ్తే అప్పటికే చేత్తో తుంచేసింది.

మీకు ఒక్క సలహా. ఎంత అందమైన కుండీ అయినా సరే, ఆ తోటలో రోజూ పని చేసే మనిషిని వెంట తీసుకెళ్ళి, షాపులోనే దాని అంచు మీద రెండు చేతులూ ఆనించి బరువు మోపమనండి. అది ఒరిగితే, షాపువాడు ఏం చెబుతున్నా వినకుండా బయటికొచ్చేయండి.